అంచులో ఒక పోగు తక్కువ

పోయినవి ముందు చెబుతాను. ఎనిమిది చీరలకు సరిపడే నిలువు పోగులు, అంటే పడుగు ఒకటి. అందులో మూడు నేసి చుట్టినవి, ఐదు నేయవలసినవి. పన్నె ఒకటి. పన్నె అంటే పోగులు ఒక్కొక్కటిగా దూరి వచ్చే పెద్ద దువ్వెన లాంటిది. దారం చుట్టి పెట్టిన కండెలు ఒక బుట్టెడు. అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెలు రెండు పోయి, ఒకటి దొరికింది. జొన్నలు అర బస్తా. బావ చెప్పుల్లో ఎడమది. మూరన్నర పొడవున్న ఎర్ర పట్టీ ఒకటి. ఇది మా దేశంలో నేసింది కాదు.

ఇవన్నీ కలిపి ఒక మొత్తం చేద్దామని చూశాను. కుదరలేదు. మూరలూ బస్తాలూ కండెలూ ఒక వరసలో నిలబడవు. పైగా అక్క నా వెనక నిలబడి, "అసలుది ఇడిసిపెట్టినావు గదప్పా" అంది. ఆ అసలుదేదో నాకు తెలుసు. దాన్ని ఏ కొలతలో రాయాలో తెలియక వదిలేశాను.

అక్కది ఎమ్మిగనూరు. ముందు గదిలో గుంట మగ్గం. నేల తవ్వి, ఆ గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నేస్తుంది. ఆ ఏడు వాన మూడు గంటలు ఆగకుండా కొట్టింది. వీధిలో నీళ్ళకు ఎటు పోవాలో తెలియక గడప దాటి వచ్చి గుంతలో దిగినాయి. నేను ఆదోనిలో పత్తి మిల్లులో తూకాల లెక్క రాస్తాను. ఫోను వస్తే తెల్లారి మొదటి బస్సుకు వెళ్ళాను. గుమ్మంలోనుంచి చూస్తే గది మధ్యలో ఒక చదరపు చెరువు. దాని మీద పడుగు పరుచుకుని, సగం మునిగి, సగం తేలి, మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుగా కదులుతోంది. అంత అందమైన నష్టం నేను మళ్ళీ చూడలేదు.

బావ ఒక కాలికి చెప్పు వేసుకుని గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మగ్గం మానేసి ఆటో పట్టుకుని చాలా ఏండ్లయింది.

"ఏం బామ్మర్దీ, లెక్క తేలిందా? నా చెప్పు రాసుకున్న్యావా?"

"రాసినా బావా. ఎడమది."

"కుడిది గూడా పోయిందనే రాయి. ఒంటి చెప్పేసుకుని నేను యాడికి పోదును?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, లోపల అక్కకు వినపడేంత మాత్రం తగ్గించి, "ఇంగ సాలు. నీళ్ళు తోడేసినాక గుంత పూడ్సి బండలు పర్సుకుందాం. ఆటో లోపల పెట్టుకోవచ్చు" అన్నాడు.

అక్క బొక్కెన తీసుకుని గుంతలో నీళ్ళు తోడుతూనే ఉంది.

నీళ్ళు పోయాక మగ్గం కొయ్యలు బాగానే ఉన్నాయి. కొత్త పన్నె తేవచ్చు. కొత్త పడుగు చేనేత సొసైటీ ఇస్తుంది. అయినా అక్క మగ్గం ఎక్కలేదు. పది రోజులు ఎక్కలేదు. బావ బండల బేరం చేసి వచ్చాడు. అమావాస్య పోయాక పరుద్దామన్నాడు. ఆ గుంత ఉంటుందా పూడుతుందా అన్నది అక్క మగ్గం ఎక్కడం మీద ఆధారపడి ఉంది. అక్క ఎక్కడం ఇంకొకదాని మీద ఆధారపడి ఉంది. అదే నేను రాయని అసలుది.

మా వాళ్ళ ఇండ్లలో పడుగు అయిపోతే మగ్గాన్ని ఖాళీ చెయ్యరు. జానెడు జానెడు కొసలు పన్నెలో అట్లాగే ఉంచుతారు. కొత్త పడుగు వచ్చినప్పుడు, పాత కొసకు కొత్త పోగు ఆనించి, వేలికి కాస్త బూడిద రాసుకుని మెలిపెడతారు. పోగు తర్వాత పోగు, కొన్ని వేల పోగులు. ఆ మెలికలన్నీ ఒకసారి పన్నె దాటించి లాగితే మగ్గం సిద్ధమవుతుంది. అక్క మగ్గం మీద పోగులు అమ్మ మగ్గం మీద కొసలకు అతికినవి. అమ్మవి వాళ్ళ అత్త మగ్గానివి. అమ్మ చేత్తో తాకిన దారం ఏనాడో ఎవరి చీరలోనో వెళ్ళిపోయింది, ఆ సంగతి నాకూ తెలుసు. మిగిలింది మెలిక వెనక మెలిక మాత్రమే. కానీ నీళ్ళలో నాని, కుళ్ళి, చేతిలోకి తీసుకుంటే బూజులా విడిపోయిన ఆ కొసలను చూసినప్పటి నుంచీ అక్కకు చేతులు లేవలేదు.

అన్నీ పోయాయి, ఒక్క చోటివి తప్ప. ఆ కొసల్లో కుడి అంచువి మాత్రం తడవలేదు. అవి పెరూ దేశంలో ఉన్నాయి.

వానకు మూడేండ్ల ముందు ఒక సంస్థ వాళ్ళు అక్కడి నేతగత్తెను ఒకామెను మా దగ్గరికి తెచ్చారు. మూడు వారాలు ఉంది. నడుముకు మగ్గం కట్టుకుని, రెండో కొసను గుంజకు తగిలించి, వెనక్కి ఒరుగుతూ నేసేది. వీధి ఆడవాళ్ళు ఆమెను "నడుంమగ్గమామె" అనేవాళ్ళు. వెంట వచ్చిన దుబాసీ మూడో రోజే వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి సాయంత్రం బస్సుకు నేను వెళ్ళి కూర్చునేవాణ్ణి. నాకూ స్పానిష్ రాదు. కానీ అంకెలు ఒక్క సాయంత్రంలో పట్టుబడినాయి. ఊనో, దోస్, త్రేస్. పోగులు లెక్కపెట్టేటప్పుడు అక్క తెలుగులో, ఆమె తన భాషలో, ఇద్దరూ ఒకే లయలో పోయేవాళ్ళు. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నేర్చుకున్న ప్రతిదీ లెక్కలోనుంచే నేర్చుకున్నాను. ఈ భాషలోకీ అంకెల గుమ్మంలోనుంచే పోయాను.

వెళ్ళేముందు రోజు అక్క ఆమెకు ఒక కానుక ఇచ్చింది. అప్పుడే పడుగు అయిపోయి ఉంది. కుడి అంచు కొసలను కోసి, పుల్లకు చుట్టి ఇచ్చింది. ఆమె తన నడుము నుంచి నేస్తున్న ఎర్ర పట్టీని విప్పి, చివర నాలుగు వేళ్ళ మేర నేయకుండానే, అక్క చేతిలో పెట్టింది. తర్వాత అక్క సగం రోజు కూర్చుని కుడి అంచు పోగులు కొత్తవి ఒక్కొక్కటే పన్నెలోకి దూర్చుకుంది. "మతి ల్యా ఈమెకు" అని వీధంతా నవ్వింది.

బండల బేరం తెలిసిన రోజు అక్క నాకు ఫోను చేసింది.

"అప్పా, ఆమె నంబరు నీ కాడ ఉందా?"

"ఉంది. ఏం సెప్పాల?"

"ఆ కొసలు అడుగు."

"ఎట్ల అడగాల? వాపసు ఇయ్యమనా?"

"అట్ల అడిగితే బాగుంటాదా? ఇచ్చింది అడుగుతారా ఎవురన్నా?"

"మరి మార్సుకుందామని అడగాల్నా?"

"మార్సుకోనీకి మన కాడ ఏముంది? పట్టీ నీళ్ళల్లో పాయె" అంది. "నువ్వే సూసి రాయి. నీకు ఆ బాస వస్తాది గదా."

అట్లా మొదలైంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు గంట ప్రయాణం. అది పత్తి కాలం, మిల్లు పని మీద రోజూ ఆ దారిన బస్సులో పోయేవాణ్ణి. లోడు లారీలు వెళ్ళిన దారి పొడవునా తుమ్మ కంపలకు దూది తట్టుకుని ఉంటుంది. పొద్దున్నే కిటికీలోనుంచి చూస్తే కంపలన్నీ పూసినట్టు కనిపిస్తాయి. కండ్లు సగం మూసుకుని, ఫోనులో నిఘంటువు తెరిచి, నేను క్రియల కోసం వెతికేవాణ్ణి. ఒక్కో మాటా ఒక్కో కంప మీద తగులుకుని ఉన్నట్టు అనిపించేది.

మొదట దొరికింది కాంబియార్. మార్చడం, మార్చుకోవడం. చొక్కా మార్చుకున్నా అదే, బస్సు మారినా అదే, నోటు చిల్లర చేయించినా అదే. ఎక్కడ పెట్టినా ఒదిగే మాట. కానీ అందులో పని అక్కడితో అయిపోతుంది. చిల్లర తీసుకున్నాక నోటు గురించి ఎవరూ ఆలోచించరు. ఇంటర్‌కాంబియార్ కొంచెం మర్యాదగలది. ఇటొకటి అటొకటి, రెండూ సమానం. మా దగ్గర రెండోది లేదు. కాన్హెయార్ అనే ఇంకో మాట, కూపను ఇచ్చి సరుకు విడిపించుకోవడానికి. చౌకదుకాణం వరసలో నిలబడ్డట్టు అనిపించి దాన్ని పక్కన పెట్టాను. పెర్ముతార్ అంటే ఇల్లుకు ఇల్లు, ఉద్యోగానికి ఉద్యోగం. పల్లెలో పంతులూ పట్నంలో పంతులూ మాట్లాడుకుని బదిలీ చేయించుకోవడం లాంటిది. త్రొకార్ పాతకాలపు మాట. అది చదవగానే చిన్నప్పుడు గాడిద మీద ఉప్పు తెచ్చి జొన్నలకు పోసిపోయే మనిషి కనిపించాడు. ఆయన కొలిచే డబ్బా లోపల చీకటి కూడా కనిపించింది. ఆ మాటను నేను రెండు రోజులు వెంటబెట్టుకుని తిరిగాను. కానీ ఉప్పూ జొన్నలూ ఎవరూ తిరిగి అడగరు. తినేస్తారు.

కొనడం, అమ్మడం, వ్యాపారం చెయ్యడం. వీటి దగ్గర ఆగలేదు. దెవొల్వెర్, తిరిగి ఇవ్వడం. ఆ మాట టైపు చేసి, చూసి, చెరిపేశాను. అక్క ముఖం ఎదురుగా ఉన్నట్టే ఉంది. ప్రెస్తార్, అప్పుగా ఇవ్వడం. అప్పుగా తెచ్చుకున్న కొసలకు పడుగు అతికి చీర నేసేస్తే ఇంక తిరిగి ఇచ్చేదేముంది? కొసలు చీరలోకి పోతాయి. లెక్క తెలిసినవాడు తీర్చలేని దానికి సంతకం పెట్టడు.

దూది పూసిన కంపలు వెనక్కి పోతూనే ఉన్నాయి. అమావాస్య దగ్గరికి వస్తూనే ఉంది.

మిల్లులో కాటా దగ్గర హొళగుంద ఆయన ఒకడుంటాడు. తెలుగు సగం, కన్నడం సగం. ఒక మధ్యాహ్నం రాళ్ళు సరిచేస్తూ నా ముఖం చూసి, "ఏమన్నా, తూకం తప్పినోని మాదిరి కూకున్న్యావు?" అన్నాడు. సంగతంతా చెప్పాను. స్పానిష్ మాటలు కూడా చెప్పాను. అవి విని కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఇన్ని మాటలెందుకన్నా? ముయ్యి అనే మాట ల్యా వాళ్ళ కాడ?"

మాకూ ఉన్న మాటే. ఈరోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. నీ పడుగు అతకడానికి నేను, నా పడుగుకు నువ్వు. అమ్మ రోజూ వాడేది. ఎందుకో బస్సులో నాకు తట్టలేదు.

"మా అవ్వ ఎట్ల జేస్తుండెనో తెల్సా?" అన్నాడు ఆయన. "పక్కింటామె సేరు పిండి బదులిస్తే, ఈమె సేరూ పిడికెడు ఇస్తాది. ఆమె ఇంగోసారి పిడికెడు తక్కువ తెస్తాది. ఎన్నడూ సరిగ్గా ఇయ్యరు. సరిగ్గా ఇచ్చినారంటే అర్థమైపాయె. ఇంగ నీ గడప తొక్కను అని!"

"మరి ఎవరు ఎవరికి బాకీ?"

"అదే గదా మజా. ఎవురికీ తెలీదు. నీ మాదిరి లెక్కలాయన ఆ వీధిలో పుట్టింటే ఇద్దురూ కొట్టుకుని సచ్చిందురు."

ఆ ఆదివారం అక్క ఇంటికి వెళ్ళాను. గుంత పక్కన బండలు దించి ఉన్నాయి. అక్క చేటలో బియ్యం ఏరుతోంది. తిన్నగా అడిగాను.

"అక్కా, ఆమెకు కొసలు ఇచ్చిన పొద్దు ఎన్ని పోగులిచ్చినావు?"

"అంచుకు ఎనబై గదా."

"ఎనబై ఇచ్చినావా?"

అక్క బియ్యం ఏరడం ఆపలేదు. "అన్నీ యాడన్నా ఇస్తారా? అన్నీ ఇస్తే తెగిపోదా?" అని గోడకేసి గడ్డం ఎత్తింది.

గోడకు క్యాలెండరు. దాని మేకుకు ఏదో చుట్టి ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే జానెడు దారం, మెరూన్ రంగు, దుమ్ము పట్టి గోధుమరంగుకు తిరిగింది. నీళ్ళు గోడ మీద వదిలిన గీత దానికి బెత్తెడు కింద ఆగిపోయింది. మూడేండ్లుగా ఆ క్యాలెండరులో నేను తారీకులు చూసుకుంటూనే ఉన్నాను.

"డెబ్బై తొమ్మిది ఇచ్చినావన్నమాట."

"నాకు లెక్కలు రావప్పా. ఒకటి పెట్టుకున్న్యా, అంతే."

బావ గుమ్మంలోనుంచి, "ఆ దారం పోగేనా? నేను ఆటోలో నిమ్మకాయ కట్టనీకి తెంపుకుందామనుకుంటి" అన్నాడు. అక్క చేటలోనుంచి ఒక మట్టిబెడ్డ తీసి ఆయన మీదికి విసిరింది. వాన తర్వాత అక్క ఆట పట్టించడం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో రాశాను. మార్చుకునే క్రియలన్నీ వదిలేశాను. దెబెర్ అనే మాట తీసుకున్నాను. బాకీ ఉండడం. స్పానిష్‌లో నాలుగే వాక్యాలు. వాన వచ్చింది. మీ పట్టీ, మా కొసలు, నీళ్ళలో పోయాయి. మీకిచ్చిన అంచులో మేమింకా ఒక పోగు బాకీ ఉన్నాం, అది గోడకు భద్రంగా ఉంది. అక్క మళ్ళీ మగ్గం ఎక్కాలంటే ఆ పోగు పక్క పోగులు కావాలి. ఇవ్వండి అన్న మాట ఎక్కడా లేదు. పంపేశాక అది బిచ్చమా, లెక్కా, కబురా అని నాకే అర్థం కాలేదు. కిటికీ బయట దూది పొద్దుగూకే ఎండకు గులాబీ రంగుగా మారింది. కొంచెంసేపు నిద్రపోయానేమో. కలలో ఆమె పోగులు లెక్కపెడుతోంది, నేను తెలుగులో అందుకుంటున్నాను.

రెండు రోజులకు జవాబు వచ్చింది. ఆమె రాసింది నాకు తోచినట్టు తెలుగులో చెబుతాను. "పట్టీ గురించి బాధపడొద్దని అక్కకు చెప్పు. చివర నాలుగు వేళ్ళు నేయకుండా ఇచ్చాను గదా. ముగించినది ఇస్తే మా ఊళ్ళో కూడా తలుపు వేసినట్టే. కొసలు పంపుతున్నాను. మగ్గం తలుపు మూయొద్దు."

బావకు ఆ ముక్క చదివి వినిపించాను. "తలుపు గాదు, గుంత" అన్నాడు. కానీ అమావాస్య వెళ్ళినా బండలు పరచలేదు. బండలు గోడకు ఆనించే ఉన్నాయి, ఇప్పటికీ. అక్క వాటి మీద కండెలు ఆరబెడుతుంది.

పార్సిలు రావడానికి చాలా రోజులు పట్టింది. ఆలోగా కొత్త పన్నె వచ్చింది, సొసైటీ పడుగు వచ్చింది. అక్క మిగతా పోగులన్నీ కొత్తగా దూర్చుకుంటూ కూర్చుంది. కుడి చివర బెత్తెడు మేర ఖాళీగా ఉంచింది. చూసిన ప్రతివాళ్ళూ, "ఈడ మర్సిపోయినావు" అనేవాళ్ళు. "మర్సిపోల్యా" అనేది.

వచ్చిన రోజు నన్ను పిలిచారు. అక్క ఇచ్చిన పుల్లే. దాని మీద గొర్రె వాసన వేసే ఉన్ని ముక్క చుట్టి ఉంది. విప్పి, తెల్ల గుడ్డ పరిచి, లెక్కపెట్టడం నా వంతు. అక్కకు లెక్కలు రావంటుంది గానీ, నా వేలు పోగు మీద పోగు దాటుతుంటే ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి.

డెబ్బై ఎనిమిది దగ్గర పోగులు అయిపోయాయి.

మళ్ళీ లెక్కపెట్టాను. డెబ్బై ఎనిమిదే. దారిలో రాలిందేమోనని ఉన్ని ముక్క దులిపాను. అందులోనుంచి చిన్న కాగితం పడింది. దాని మీద అంకె ఒకటి, పక్కన నేను వాడిన క్రియే, ఈసారి ఆమె వైపు నుంచి. నేనొకటి బాకీ.

"ఏం రాసింది?" అంది అక్క.

"ఒకటి పెట్టుకుందంట."

అక్క నవ్విన నవ్వు నేను వర్ణించలేను. చాలాసేపు నవ్వింది. బావ ఆటో ఆపి లోపలికి వచ్చి, ఏమైందని అడిగి, చెప్పినా అర్థం కాక, తానూ నవ్వాడు.

ఆ మధ్యాహ్నం అక్క వేలికి బూడిద రాసుకుని కూర్చుంది. ఎదురుగా నన్ను కూర్చోబెట్టి పోగులు అందించమంది. చిన్నప్పుడు అమ్మకు అట్లాగే అందించేవాణ్ణి. గదిలో మెలికపెట్టే వేళ్ళ చప్పుడు తప్ప ఇంకేదీ లేదు. అసలది చప్పుడే కాదు, ధూళి రాలినట్టుంటుంది. చివరికి మేకు నుంచి ఆ దుమ్ము పట్టిన పోగు విప్పి తెచ్చి అతికింది. డెబ్బై తొమ్మిది. పన్నెలో ఎనభయ్యో సందు ఖాళీగా నిలిచింది.

"కొత్త పోగు ఒకటి ఎక్కించనా?" అన్నాను. చెయ్యి ఊరుకోదు నాకు, లెక్క నిండకపోతే.

"వద్దు. ఉండనీ."

ఆ పడుగులో నేసిన మొదటి అంచు నుంచి మూరెడు ముక్క ఆమెకు పంపాం. పట్టీకి బదులని నేను చీటీ రాయబోతే అక్క రాయనివ్వలేదు. అప్పటి నుంచి పడుగులు మారాయి, రంగులు మారాయి. కుడి అంచులో ఒక చోట వెంట్రుక సన్నపు గీత మాత్రం మారలేదు. తెలిసినవాళ్ళు వెలుగుకు ఎత్తి పట్టుకుంటే, దానిగుండా అవతలి పగలు కనిపిస్తుంది. సొసైటీ ఆయన ఒకసారి లోపమని పక్కన పెట్టబోతే, లోపం కాదు, బాకీ అని చెప్పాను. ఎంత అని అడిగాడు.

ఒక పోగు.